కందిపప్పు డబ్బాలో తూటాలు

అమ్మమ్మల దగ్గర్నుంచి మనవరాళ్ళకి ఏం వస్తాయి చెప్పండి? అదృష్టం బావుంటే నాలుగు పేటల గొలుసు, లేకపోతే రెండు ఊరగాయ జాడీలు, ఒక ఇత్తడి గుండిగ, మోకాళ్ళ నొప్పులూ వస్తాయి. నాకు తుపాకి వచ్చింది.

ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత నా వెనకున్న గది తలుపుకేసి ఓసారి చూస్తారు. మగవాళ్ళయితే "ఏ కంపెనీదండీ? పేలుతుందా?" అంటారు. ఆడవాళ్ళు మాత్రం "ఇంట్లో ఎక్కడ పెడతారండీ?" అని అడుగుతారు. అసలు ప్రశ్న అదే. తుపాకి గురించి నాకు తెలిసిన సంగతులన్నీ ఆ ఒక్క ప్రశ్నకి జవాబులే.

మా తాతయ్య, అంటే మా అమ్మ నాన్నగారు, 1938లో రాజమండ్రిలో దాన్ని కొన్నారట. దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక దొరగారి సామానంతా అమ్మేస్తుంటే, అమ్మమ్మ కోరిన గాజు బీరువా బేరం కుదరక, తాతయ్య కోరిన తుపాకి బేరం కుదిరింది. ఆ బీరువా సంగతి అమ్మమ్మ చివరిదాకా మరిచిపోలేదు. తుపాకి రెండు గొట్టాలది, పన్నెండు బోరుది. ఈ పన్నెండంటే ఏమిటో నాకూ చాలాకాలం తెలియలేదు. ఒక పౌను సీసాన్ని తీసుకుని పన్నెండు సమానమైన ఉండలు చేస్తే, ఒక్కో ఉండ సరిగ్గా ఆ గొట్టంలో పట్టాలి. లడ్డూల లెక్కే. అందుకే పదహారు బోరుది దీనికన్నా సన్నగా ఉంటుంది.

మాది పర్ణశాల. భద్రాచలానికి 35 కిలోమీటర్లు, గోదావరి ఒడ్డు. సీతారామలక్ష్మణులు వనవాసంలో కుటీరం కట్టుకున్న చోటు ఇదేనని మా నమ్మకం. నాసిక్ వాళ్ళు పంచవటి మాదంటారు, అననివ్వండి. సీతమ్మ వాగులో ఆవిడ చీరలారేసిన గుర్తులు రాళ్ళమీద చూపిస్తారు. పసుపు నూరుకున్న రాయి చూపిస్తారు. బంగారు లేడి కనిపించిన తావు కూడా చూపిస్తారు. మా చిన్నప్పుడు వేసవి సెలవులకి కొత్తగూడెం నుంచి బస్సులో వచ్చి, గోదావరి పడవలో దాటి భద్రాచలం చేరి, అక్కణ్ణించి మళ్ళీ ప్రయాణం. 1965లో వంతెన తెరిచాక పడవ సరదా పోయింది. అప్పుడు ఊరి చుట్టూ అడవే. జొన్న పాలు పోసుకునేసరికి అడవి పందులు మందలుగా వచ్చి పడేవి. పంట కాపాడుకోవడానికని తాతయ్యకి తుపాకి లైసెన్సిచ్చారు.

ఆ చేలు ఎవరివి, ఆ అడవి ఎవరిది అన్నది వేరే కథ. ఏజెన్సీలో గిరిజనుల భూములు బయటివాళ్ళ చేతికి పోకూడదని 1959లో ఒక చట్టం, 1970లో దానికి ఇంకా గట్టి సవరణ వచ్చాయంటే, అంతకు ముందు ఏం జరుగుతూ ఉండేదో మీరే ఊహించుకోండి. మా తాతయ్యా బయటినుంచి వచ్చినవాడే. ఆ మాట దాచి తుపాకి గురించి రాయడం నాకిష్టం లేదు.

దాని గొట్టాల అడుగున చిన్న చిన్న ముద్రలున్నాయి. అందులో ఒకచోట ఇంగ్లీషులో 'నాట్ ఫర్ బాల్' అని ఉంది. చిన్నప్పుడు మా పిల్లమూకంతా దానికి "బంతాటకి పనికిరాదు" అని అర్థం చెప్పుకుని తృప్తి పడ్డాం. అసలు సంగతేమిటంటే, గొట్టం మూతి దగ్గర కొంచెం బిగించి చేసిన తుపాకుల్లో ఒకే పెద్ద గుండు వేసి కాల్చకూడదు, రవ్వలే వాడాలి అని హెచ్చరిక. ఇంగ్లండులో తుపాకులు పరీక్ష చేసి ముద్ర వేసేవాళ్ళు ఈ మాటని 1875లో మొదలుపెట్టి 1887లో మార్చేశారు. అంటే మా తుపాకి ఆ పన్నెండేళ్ళ మధ్యలో పుట్టిందన్నమాట. తాతయ్య కొనేనాటికే దానికి యాభై దాటాయి.

గొట్టాలమీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. ఇనుమూ ఉక్కూ సన్నటి కడ్డీలుగా కలిపి మెలితిప్పి, ఆ పట్టీని ఒక ఊచకి జడకుచ్చుల్లా చుట్టి, కాల్చి, సుత్తితో కొట్టి అతికిస్తే వచ్చే అల్లిక అది. డమాస్కస్ గొట్టాలంటారు. మన నిజామాబాదు వైపు కోనసముద్రంలో కరిగించిన ఉక్కు ఒకప్పుడు దేశాలు దాటి వెళ్ళి డమాస్కస్ కత్తులైందని చదివి, మా గొట్టాలూ మన ఉక్కేనని కొన్నాళ్ళు మురిసిపోయాను. పేరొక్కటే, తయారీ వేరు. అయితే ఆ అందంలోనే ఒక చిక్కుంది. ఆ అతుకుల గొట్టాలు పాతకాలపు నల్లమందుకి చేసినవి. ఇప్పటి పొగలేని మందు తూటా వేస్తే ఆ వత్తిడికి గొట్టం విచ్చుకుపోవచ్చు, పట్టుకున్నవాడి ఎడమచేయి పోవచ్చు. కనక మా తుపాకి చూడ్డానికి వజ్రం, కాల్చడానికి గండం.

ఇక దాన్ని చూసుకోవడమంటారా, పసిపిల్ల నయం. వేలితో ముట్టుకుంటే చాలు, వానాకాలంలో చేతి చెమటకి మర్నాటికల్లా వేలిముద్ర ఆకారంలో తుప్పు లేస్తుంది. దొంగని పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదంటారు మావారు. తోలు తొడుగు ఎంత అందంగా ఉన్నా అందులో దాచకూడదు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. తొడుగు ప్రయాణానికే. ఇంట్లో అయితే నూనె గుడ్డతో తుడిచి, పొడిగా ఉన్న నూలు గుడ్డ చుట్టి, తాళం వేసే ఇనప బీరువాలో మూతి కిందకి పెట్టి నిలబెట్టాలి. మూతి పైకి పెడితే నూనె మెల్లగా జారి కొయ్య మడమలోకి ఇంకి, కొయ్య మెత్తబడిపోతుంది. కొత్త చెప్పుల పెట్టెల్లో, స్టీలు సీసాల్లో తేమ పీల్చే పొట్లాలొస్తాయి చూడండి, అవి నేను పారెయ్యను.

నెలకోసారి, వానాకాలంలో పక్షానికోసారి, వసారాలో పాత పేపర్లు పరిచి కూచుంటాను. తుపాకి మూడు ముక్కలుగా ఊడొస్తుంది: గొట్టాలు, వాటి కిందపట్టు, మీటలతో ఉన్న మడమ. మావారి పాత పంచె ముక్క గజానికి చుట్టి (గొట్టంలో దూర్చే కడ్డీని గజం అంటాం, కొలత గజం కాదు), కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, ఒకే వైపునుంచి తోసి తియ్యాలి. అమ్మమ్మ కాలంనుంచీ ఆ నూనే. ఆవిడకి సింగరు మిషనుండేది, రెంటికీ ఒకటే సీసా. కొబ్బరినూనె పనికిరాదు, చిక్కబడి జిగురవుతుంది. మడమకి మాత్రం అవిసె నూనె. అయిదారు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి. అక్రోటు కొయ్య అది. రుద్దిన కొద్దీ లోపలి గీతలు పైకి తేలతాయి. ఆ పని చేస్తున్నప్పుడు నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. అదేం పాపం కాదు కదా?

పైన రెండు కొక్కేలుంటాయి, మీట నొక్కితే దబ్బున పడేవి. తాతయ్య వాటిని గుర్రాలనేవాడు. పిల్లలు సరదాపడి ఖాళీ తుపాకిలో గుర్రాన్ని ఊరికే కొట్టిస్తే లోపలి సూది విరుగుతుంది. మా మావయ్యకి పదేళ్ళప్పుడు ఆ సరదా వచ్చి, అమ్మమ్మ చేతిలో దెబ్బలు తిన్నాడట.

తాతయ్య కాల్చిన రోజు అమ్మమ్మకి పని ఎక్కువ. నల్లమందు మసి ఉప్పులాంటిది, రాత్రికి రాత్రే ఇనుముని తినేస్తుంది. దానికి మందు మరిగే నీళ్ళు. పందిని కాల్చి తాతయ్య ఇంటికి రాగానే అమ్మమ్మ కాగులో నీళ్ళు మరిగించి, గొట్టాల్లో గరాటు పెట్టి పోసేది. "మీ తాతయ్య ఒళ్ళు చల్లారేదాకా నీళ్ళు ఆయనక్కర్లేదు, ముందు దీనికే" అనేది. ఇక్కడ మీకో అనుమానం రావాలి. వేటాడేది తాతయ్య కదా, తుడిచేది అమ్మమ్మ ఎందుకు? ఆ ఇంట్లో తాతయ్య తన చెప్పులు తనే తుడుచుకునేవాడు. తుపాకి మాత్రం అమ్మమ్మది. నాకూ ఆ అనుమానం యాభయ్యేళ్ళ దాకా రాలేదు.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి వేట ఆగిపోయింది. అలా మా తుపాకి ఉద్యోగం ఊడింది. తాతయ్య 1982లో పోయారు. లైసెన్సు మావయ్య పేర మారింది. ఆ తర్వాత రోజులు మంచివి కావు. అడవిలో అన్నలు తిరిగే కాలం. ఎవరింట్లో లైసెన్సు తుపాకి ఉందో వాళ్ళకీ తెలుసు, పోలీసులకీ తెలుసు. ఇద్దరి మధ్యా నలగడమెందుకని మావయ్య దాన్ని పట్నంలో ఒక ఆయుధాల దుకాణంలో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. తిరిగొచ్చేసరికి కుడి గొట్టం లోపల మూతి దగ్గర మశూచి మచ్చల్లా తుప్పు గుంటలు. అవి ఇక పోవు. పెరక్కుండా చూసుకోవడమే.

మావయ్యకి పిల్లల్లేరు. 2016లో ఆయన పోయాక అత్తయ్య "దీన్ని తుడవడం నీకు తప్ప ఎవరికీ రాదే" అని నాకు రాసిచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే మావారు రిటైరై ఇద్దరం పర్ణశాల ఇంటికి వచ్చేశాం. వారసత్వంగా తుపాకి రావడమంటే గొలుసు మెళ్ళో వేసుకున్నంత తేలిక కాదు. యజమాని పోయిన వెంటనే దాన్ని పోలీసుస్టేషన్లోనో లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించాలి. వారసులు దరఖాస్తు పెట్టాలి, మిగతా వారసులు మాకభ్యంతరం లేదని రాసివ్వాలి, డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, విచారణకొస్తారు. ఒక ఆఫీసులో గుమాస్తాగారు "మీ వారి పేరు మీదకి కదమ్మా?" అని మూడుసార్లడిగాడు. మూడోసారి మావారే "నాకు ఎలకల మందంటేనే భయమండీ" అని చెప్పి నన్ను గట్టెక్కించారు.

2016లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం తుపాకి జాగ్రత్తగా పట్టుకోవడంలో శిక్షణ కూడా పొందాలి. అరవై దాటిన నేను, నా మనవడి వయసు కుర్రాళ్ళ మధ్య నిలబడ్డాను. మొదటి పాఠం: ఏ తుపాకి పట్టుకున్నా అందులో తూటా ఉందనే అనుకోవాలి. రెండోది: మూతి ఎప్పుడూ మనిషి వైపు తిప్పకూడదు. మూడోది: కాల్చదలిస్తే తప్ప మీట మీద వేలు పెట్టకూడదు. ఇవన్నీ అమ్మమ్మ చెప్పినవే. ఆవిడ ఇంకొకటి కూడా చెప్పేది, అది వాళ్ళ పుస్తకంలో లేదు. తుపాకీ తూటాలూ ఒకే చేతిలో ఉండకూడదనేది.

2018లో లైసెన్సొచ్చింది, మూడేళ్ళకి. 2019లో చట్టం మార్చి గడువు అయిదేళ్ళు చేశారు, ఒక మనిషి దగ్గర మూడు తుపాకులకి బదులు రెండే ఉండాలన్నారు. నాకు ఒకటే ఎక్కువ. ఎన్నికలు ప్రకటించగానే దాన్ని ఠాణాలో అప్పగించాలి, ఫలితాలొచ్చాక తెచ్చుకోవాలి. అసెంబ్లీకోసారి, పార్లమెంటుకోసారి, పంచాయతీకోసారి. మా తుపాకి పుట్టింటికెళ్ళినన్నిసార్లు నేనైనా వెళ్ళలేదు.

కర్ణాటకలో కొడగు వాళ్ళకి ఈ బాధలేదు. బ్రిటిషు కాలంనుంచీ వాళ్ళకి తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపుంది. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. సెప్టెంబరులో కైల్‌పోళ్‌దు అని పండగ చేసుకుంటారు. తుపాకుల్ని తుడిచి, వరసగా పెట్టి, మూతుల్లో అగ్నిశిఖ పూలు గుచ్చి పూజిస్తారు. ఆ పువ్వుకి వాళ్ళ భాషలో పేరే తుపాకి పువ్వు. మన ఆయుధపూజలాంటిదే. దసరాకి నేనూ బొట్టు పెడతాను, కాని కొయ్యకే. తడి కుంకం ఇనుముకి పడదు.

పూజ అన్నాను కనక ఒక కథ చెప్పాలి. వాల్మీకి రామాయణం అరణ్యకాండలో, అడవిలో అడుగుపెట్టిన కొత్తలో సీత రాముడికి ఒక కథ చెబుతుంది. బంగారు లేడి కథ తెలిసినంతగా ఇది మనకి తెలియదు. ఎవరో ముని తపస్సు చేసుకుంటున్నాడు. ఆయన తపస్సు చెడగొట్టాలని ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, తన కత్తిని ఆయన దగ్గర దాచమని ఇచ్చి వెళ్తాడు. పరాయి సొమ్ము కదా, పోతే మాటొస్తుందని ముని దాన్ని వదలకుండా కాపాడుతూ ఉంటాడు. పళ్ళకి వెళ్ళినా, దుంపలకి వెళ్ళినా కత్తి వెంటే. చేతిలో కత్తి ఉంది కనక ముందు కొమ్మ నరుకుతాడు కాబోలు, తర్వాత ఇంకేదో. మెల్లమెల్లగా మనసు క్రూరమై, తపస్సు పోయి, చివరికి నరకానికి పోతాడు. అగ్గి పక్కన ఉంటే కట్టె ఎలా మారిపోతుందో, ఆయుధం పక్కన ఉంటే మనసు అలా మారుతుందని ఆవిడ భావం. మీకు నేర్పడం కాదు, ప్రేమకొద్దీ గుర్తుచేస్తున్నాను అని కూడా అంటుంది. భర్తకి నచ్చని మాట చెప్పేటప్పుడు భార్య ఎంత ఒడుపుగా చెబుతుందో చూడండి.

ముని చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. ఆయన చేసిందంతా జాగ్రత్తగా చూసుకోవడమే. నేను చేస్తున్నదీ అదే! ఆ కథ చదివిన రోజునుంచి అవిసె నూనె అరచేతిలో వేసుకున్నప్పుడల్లా ఆ ముని గుర్తొస్తాడు. ఆ మాట చెప్పిన సీతే, కొన్నాళ్ళకి ఇదే అడవిలో, మా నమ్మకం ప్రకారం మా ఊళ్ళోనే, లేడి కావాలని అడిగి భర్త చేత విల్లు పట్టించింది. లక్ష్మణుడు అది మారీచుడి మాయ అని చెప్పినా వినలేదు. పర్ణశాలలో ఆడవాళ్ళకి ఆ సంగతి పుట్టుకతోనే తెలుసు. మా అమ్మమ్మ జింక మాంసం ముట్టేది కాదు, లేడిని కాల్చడానికి తూటా ఇచ్చేది కాదు. "ఈ ఊళ్ళో ఒకసారి జరిగింది చాలు" అనేది.

తూటా ఇచ్చేది కాదు అన్నాను, గమనించారా? తూటాలు ఆవిడ దగ్గరుండేవి. కందిపప్పు డబ్బాలో, పప్పు అడుగున, మైనపు గుడ్డలో మూటగట్టి. ఆ ఇంట్లో మగవాళ్ళెవరూ జన్మలో కందిపప్పు డబ్బా మూత తీసి ఎరగరు. తాతయ్య చేలోకి వెళ్ళేటప్పుడు అడిగితే రెండో మూడో లెక్కపెట్టి ఇచ్చేది. పొద్దున రాగానే కాల్చినవాటి డొల్లలు, కాల్చనివి తూటాలు అప్పగించాలి. చాకలి పద్దు పుస్తకంలో వెనక పేజీలనుంచి తూటాల పద్దు. ముందునుంచి పంచెలు, దుప్పట్లు, వెనకనుంచి తూటాలు. "ఇచ్చినవి 2, వచ్చినవి 1, పంది." "ఇచ్చినవి 2, వచ్చినవి 2, వాన." ఆ పుస్తకం నా దగ్గరుంది. అందులో 1953 మాఘమాసం దగ్గర ఒక పద్దుంది. దాన్ని నేను ఎన్నోసార్లు చూశాను, అర్థం కాక వదిలేశాను. "ఉన్నవి 7. అడిగారు. లేవన్నాను."

మా బతుకులన్నీ భద్రాచలం దగ్గర గోదావరి కొలతబద్దతో కొలిచినవే. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చింది. అప్పుడు డెబ్భై ఏళ్ళ అమ్మమ్మ చీర చెంగులో తుపాకి చుట్టుకుని నీళ్ళలో మిట్టకి నడిచిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జూలైలో 71.3 అడుగులొచ్చింది. ఇప్పుడు అమ్మమ్మ పని నాది. మావారు మందుల సంచీ, నేను దుప్పట్లో చుట్టిన తుపాకి, నడుముకి లైసెన్సూ పద్దు పుస్తకం ఉన్న ప్లాస్టిక్ సంచీ. ట్రాక్టరెక్కాం. జనమున్నచోట దాన్ని ఉంచకూడదు కనక దారిలో ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకున్నాం.

ట్రాక్టరులో నా పక్కన ఒక కోయ ముసలాయన కూచున్నాడు. నా మూటకేసి చూస్తూ చాలాసేపు ఊరుకుని, "అది మీ తాత తుపాకేనామ్మా?" అన్నాడు. అవునన్నాను. అప్పుడు చెప్పాడు.

ఆయనకి ఏడెనిమిదేళ్ళట అప్పుడు. వాళ్ళ నాన్న పశువులు మూడోసారి మా తాతయ్య జొన్నచేలో పడ్డాయి. పంట సగం పోయింది. తాతయ్య చేలో కేకలేసి, మండిపోతూ ఇంటికొచ్చాడు. తప్పయిందని చెప్పుకోడానికి వాళ్ళ నాన్న వెనకాలే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, ఈయన తండ్రి గోచీ పట్టుకుని. తాతయ్య గోడమీద తుపాకి దించి, వంటింటికేసి తిరిగి తూటాలు తెమ్మని అరిచాడు. "నేను మీ తాత కళ్ళు చూశానమ్మా. బెదిరించడానికి కాదు" అన్నాడు ముసలాయన. వంటింటి గడపలోంచి అమ్మమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, లేవు, పోయిన వారం పందులకే అయిపోయాయి అందట. తాతయ్య మళ్ళీ అరిచాడట. ఆవిడ మళ్ళీ అదే మాట, అంతే గొంతుతో. ఆయన తుపాకి పట్టుకుని అలా నిలబడి నిలబడి, చివరికి అరుగుమీద కూలబడ్డాడట. అమ్మమ్మ వాకిట్లోకి వచ్చి పిల్లవాడి చేతిలో బెల్లం ముక్క పెట్టి, "ఇంటికి తీసుకెళ్ళు మీ అయ్యని" అందట.

"నాకు ఆ బెల్లం రుచి గుర్తుందమ్మా" అన్నాడాయన. "మా అదృష్టం. ఆ రోజు తూటాలు లేకపోబట్టి మా అయ్య బతికాడు."

నా నడుముకి కట్టిన సంచీలో ఉంది ఆ పుస్తకం. ఉన్నవి 7.

తాతయ్య చెడ్డవాడు కాడండీ. నన్ను భుజాలమీద ఎక్కించుకుని సీతమ్మ వాగు చూపించిన మనిషి. ఆయన చేతుల్లోనే నేను ఈత నేర్చుకున్నాను. ఆ పద్దు తర్వాత పదకొండు నెలలపాటు పుస్తకంలో తూటాల లెక్క ఒక్కటి కూడా లేదు. ఆయన అడగలేదో, ఆవిడ ఇవ్వలేదో! వాళ్ళిద్దరి మధ్యా దీని గురించి మాట నడిచిందో లేదో కూడా తెలియదు. మా అమ్మకి చెప్పలేదు, మావయ్యకి చెప్పలేదు. చాకలి పద్దు వెనక మూడు మాటలు రాసుకుని ఊరుకుంది. ఆ తర్వాతే కాబోలు, తుపాకి తుడవడం ఆవిడ పని అయింది. తుడిచే మనిషికే కదా అందులో ఏముందో ముందు తెలిసేది.

ముసలాయనకి ఆ పుస్తకం చూపించాలా వద్దా అని రెండు మూడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. అదృష్టం అనుకున్నది అదృష్టం కాదని తెలిస్తే ఆయనకి బావుంటుందా, బాధగా ఉంటుందా? సంతలో కనిపించినప్పుడల్లా నోటిదాకా వస్తుంది.

ఇప్పుడు లైసెన్సు గడువు ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఇంట్లో మూడు సలహాలు. మా అబ్బాయి హైదరాబాదునుంచి ఫోన్లో, "అమ్మా, సరెండర్ చేసెయ్. నీకు డెబ్భై వస్తున్నాయి, ఠాణాల చుట్టూ ఏం తిరుగుతావు?" అంటాడు. నిజమే, అప్పగిస్తే నా బాధ్యత తీరిపోతుంది. మావారి సలహా వేరు. బాగుచేసినా పేలని పాత ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదని 1959 చట్టంలోనే ఉందట. అనుమతి తీసుకుని, లైసెన్సున్న పనివాడి చేత గొట్టాలు శాశ్వతంగా మూయించి, హాల్లో గోడకి తగిలించుకుందామంటారు. అప్పుడు చెమటకి భయం లేదు, ఎన్నికలకి పుట్టిల్లు లేదు. మూడో సలహా నా మనసుది. అది రోజుకోలా ఉంటుంది.

గోడకి తగిలించడం మాత్రం నాకిష్టం లేదు. గోడమీది తుపాకికేసి చూసి వచ్చినవాళ్ళంతా తాతయ్య ఎన్ని పందుల్ని కొట్టాడో అడుగుతారు. కందిపప్పు డబ్బా గురించి ఎవరడుగుతారు? అప్పగించెయ్యడం మంచిదే అని ఒక్కోరోజు గట్టిగా అనిపిస్తుంది, ముఖ్యంగా ఆ ముని కథ గుర్తొచ్చిన రోజున. మళ్ళీ పేపర్లు పరిచి, గొట్టాలు విప్పి, రెండు చుక్కల నూనె వేసేసరికి, ఇంకొక్క వానాకాలం చూద్దాంలే అనిపిస్తుంది. మా ఇంట్లో తూటా ఒక్కటీ లేదు. లైసెన్సు ప్రకారం కొనుక్కోవచ్చు, నేను కొనలేదు, కొనను. అమ్మమ్మ అబద్ధాన్ని నేను నిజం చేశానన్నమాట.

సంక్రాంతికి కోడలొస్తోంది. ఆ అమ్మాయికి తుపాకులంటే అసహ్యం, ఆ మాట నాతో మొహమాటం లేకుండా చెప్పింది, అందుకే నాకిష్టం. మొన్న ఫోన్లో తనే అడిగింది, "మీకు ఒంట్లో బాలేకపోతే దాన్నెవరు చూస్తారత్తయ్యా? నేర్చుకుంటాను, చెప్పండి. ముందు ఏం చెయ్యాలి?" అని. ముందు గొట్టాలు వంచి తెరవమన్నాను. తెరిచి, వెనకనుంచి కిటికీ వెలుతురుకేసి చూడమన్నాను. రెండు గొట్టాల్లోంచీ కిటికీ అవతలి ఆకాశం గుండ్రంగా కనిపించాలి. అది కనిపించాకే నూనె సీసా మూత తియ్యాలన్నాను.